ఊరి గస్తీకి హద్దులు రాసుకున్నాం: ఒక తెలంగాణ గ్రామంలో నా అనుభవం

మా గ్రామంలో దొంగతనాలు బావుల దగ్గర మొదలయ్యాయి. మొదట బోరు మోటార్ల కేబుల్ వైర్లు పోయాయి, తరువాత స్టార్టర్ డబ్బాలు పోయాయి, ఒక రాత్రి ఏకంగా ట్రాన్స్‌ఫార్మర్‌నే గద్దె మీది నుంచి కింద పడేసి, నూనె పారబోసి, లోపలి రాగి తీగను ఎత్తుకుపోయారు. పొలాల్లో ఇంత జరుగుతున్నా ఇళ్ల జోలికి రాలేదు కదా అని చాలామంది నిశ్చింతగానే ఉన్నారు. పెళ్లికి వెళ్లి వచ్చిన ఒక కుటుంబం తమ ఇంటి తాళం పగిలి ఉండటం, బీరువాలోని బట్టలన్నీ నేల మీద పడి ఉండటం చూసిన రోజున మాత్రం ఊరంతా పంచాయతీ కార్యాలయం ముందు చేరింది. కాగితాల పని అలవాటు ఉన్నవాడినని రాతకోతల బాధ్యత నాకు అప్పగించారు. అలా మొదలైన పని పోలీసులతో కలిసి ఒక భద్రతా కమిటీగా మారిన క్రమం, అందులో పనికివచ్చినవి, రానివి ఇతర గ్రామాలవారికి ఉపయోగపడవచ్చని రాస్తున్నాను.

మేము స్టేషన్‌కు వెళ్లినప్పుడు ఎస్సై మా గోడు మొత్తం విని, మా గ్రామానికి సంబంధించిన ఫిర్యాదులు తీయించి చూపించారు. అన్ని కేబుళ్లు పోయిన ఊరి నుంచి అందిన దరఖాస్తులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. పోలీసు రికార్డు ప్రకారం మాది ప్రశాంతమైన గ్రామం. నేరాలే నమోదు కాని ఊరికి రాత్రి పెట్రోలింగ్ ఎందుకు పెంచుతారు? రైతుల ఆలోచన వేరు. వైరు పోయిన రోజునే పంటకు నీళ్లు పెట్టాలి కాబట్టి ఎలాగోలా కొత్త వైరు తెచ్చుకుంటారు, స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక ఆ తరువాత ఎవరికీ మిగలదు. పైగా 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టాల్లో, రూ.5,000 కన్నా తక్కువ విలువైన సొత్తు తొలిసారి దొంగిలించి తిరిగి ఇచ్చేసినవారికి సమాజ సేవను శిక్షగా పెట్టారు, ఆ కోవలోని చోరీని మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేని నేరాల జాబితాలో చేర్చారు. అందువల్ల పోయిన వస్తువు విలువను నోటి లెక్కగా కాకుండా, కొన్న బిల్లు, కేబుల్ పొడవు, మోటారు సామర్థ్యం సహా రాయడం ఎంత అవసరమో స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ మాకు ఓపికగా వివరించారు. ట్రాన్స్‌ఫార్మర్ విషయం ప్రత్యేకం. అది విద్యుత్ పంపిణీ సంస్థ ఆస్తి కాబట్టి లైన్‌మన్ ద్వారా ఆ సంస్థ అసిస్టెంట్ ఇంజినీరు(ఏఈ)కి తెలియజేసి, ఫిర్యాదు వారి వైపు నుంచి వెళ్లేలా చూశాము. విద్యుత్ చట్టం 2003లోని 136వ సెక్షన్ ఇలాంటి చోరీల కోసమే ఉంది.

ఫిర్యాదు గురించి మా ఊళ్లో చాలామందికి తెలియని సంగతులు కొన్ని ఈ క్రమంలో బయటపడ్డాయి. ఆ కొత్త చట్టాల్లో ఒకటైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా, విచారణార్హమైన నేరమైతే (అంటే పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగలదైతే), ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే లిఖితపూర్వకంగా ఎస్పీకి పంపవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు తొంభై రోజుల్లోగా తెలియజేయాలని కూడా అదే చట్టంలోని 193వ సెక్షన్ చెబుతోంది. తొంభై రోజులు గడిచాక వెళ్లి మర్యాదగా అడిగితే సమాధానం వస్తుందని నా అనుభవం, అడగకపోతే రాదన్నది కూడా నా అనుభవమే.

ఇంటి తాళం పగిలిన కుటుంబం విషయంలో ఒక నష్టం అప్పటికే జరిగిపోయింది. పోలీసులు వచ్చేలోపు సానుభూతితో వచ్చిన బంధువులు, ఇరుగుపొరుగు బీరువా సర్ది, గదులు ఊడ్చి, పగిలిన తాళాన్ని చేతులు మార్చి చూశారు. ఆధారాలు సేకరించే పోలీసు క్లూస్ టీం వచ్చి పౌడర్ చల్లి చూస్తే దొరికిన వేలిముద్రలన్నీ మావాళ్లవే. అందుకే మేము తరువాత వేయించిన కరపత్రంలో మొట్టమొదటి వాక్యంగా, దొంగతనం జరిగిన ఇంట్లోకి పోలీసులు వచ్చేదాకా ఇంటి యజమాని కూడా అడుగు పెట్టవద్దని, గడప బయట నిలబడి 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయాలని రాశాము.

కమిటీ వేసుకునే సమయానికి పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిసి ఉంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి గ్రామాలు ప్రత్యేకాధికారుల చేతుల్లోకి వెళ్లాయి కాబట్టి సర్పంచ్ లేరు, నిధుల మాట ఎత్తే పరిస్థితి లేదు. పంచాయతీ కార్యదర్శి, మా గ్రామానికి కేటాయించిన విలేజ్ పోలీస్ ఆఫీసర్, మహిళా సంఘాల నుంచి ఇద్దరు, ప్రతి వాడ నుంచి ఒకరు చొప్పున కూర్చుని పని మొదలుపెట్టాము. విలేజ్ పోలీస్ ఆఫీసర్ అంటే హోదాకు కానిస్టేబులే, అయితే ఒక ఊరి బాధ్యత పేరుపెట్టి ఒక మనిషికి ఇవ్వడంలో ఉన్న లాభం మాకు త్వరలోనే తెలిసింది. ఆయన సెల్ నంబరు ప్రతి ఇంటి గోడ మీద రాయించాము. స్టేషన్‌కు ఫోన్ చేయడానికి జంకే ముసలివాళ్లు కూడా తమ ఊరి పోలీసుకు ఫోన్ చేయడానికి జంకలేదు.

గస్తీ దగ్గరే అసలు చర్చ జరిగింది. యువకులు మొదటి రాత్రి నుంచే కర్రలు పట్టుకుని బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ ఉత్సాహాన్ని చూసి సంతోషించినవారి కన్నా భయపడినవారిలోనే నేను ఉన్నాను, దానికి కారణం 2018. ఆ ఏడాది వేసవిలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన వదంతులు నమ్మి, తెలుగు రాష్ట్రాల్లో పలుచోట్ల కొత్త మనుషులను జనం పట్టుకుని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గ్రామాలకు కేటాయించిన పోలీసులనే ఊళ్లలోకి పంపి, డప్పు చాటింపుతో, పాటలతో ఆ వదంతులను ఎదుర్కొన్న తీరు దేశమంతా వార్త అయింది. అదే సంవత్సరం జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి పెట్టవలసి వచ్చింది. గస్తీ అన్నది ఊరికి రక్షణ అవుతుందా, లేక ఊరి మీదికి కొత్త కేసు తెస్తుందా అన్నది గస్తీ తిరిగేవాడి చేతిలోని కర్ర మీద కాక, అతను ముందుగా ఒప్పుకున్న నియమం మీద ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

అందువల్ల నియమాలు రాసుకున్నాకే గస్తీ అని పట్టుబట్టాను. ఎస్సైతో మాట్లాడి, సెక్షన్లు చూసుకుని రాసుకున్నవి ఇవి. ఒక పౌరుడు మరొకరిని పట్టుకునే అధికారం నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్‌లో ఉంది కానీ, అది తన కళ్లెదుట బెయిలుకు వీలులేని, విచారణార్హమైన నేరం చేస్తున్నవాడి విషయంలోను, కోర్టు ప్రకటించిన నేరస్తుడి విషయంలోను మాత్రమే వర్తిస్తుంది, అలా పట్టుకున్న మనిషిని ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. అంటే కేవలం అనుమానం మీద ఎవరినీ నిర్బంధించే అధికారం గస్తీకి లేదు. కొత్త మనిషి కనిపిస్తే పలకరించవచ్చు, వాహనం నంబరు రాసుకోవచ్చు, విలేజ్ పోలీస్ ఆఫీసర్‌కు ఫోన్ చేయవచ్చు, అంతకు మించి చేయి వేయకూడదు. ఎవరి ఫొటో అయినా ఊరి గ్రూపులో పెట్టకూడదు, పోలీసుకు మాత్రమే పంపాలి. నలుగురికి తక్కువ కాకుండా తిరగాలి, ఆ నలుగురిలో ఒకరు పెద్దవారై ఉండాలి. తాగి వచ్చినవారిని ఆ రాత్రికి ఇంటికి పంపాలి. చివరి నియమం మీద మౌనం పాటించినవారే కర్రల మీద గట్టిగా వాదించారు. టార్చి, విజిల్ చాలని పోలీసులు, కుక్కలకూ పాములకూ విజిల్ వినిపించదని యువకులు! చివరికి కర్ర ఒక్కటి, అదీ పెద్దవారి చేతిలో, అని రాజీ కుదిరింది.

ఈ నియమాలకు పరీక్ష త్వరలోనే ఎదురైంది. మోటారు సైకిల్ మీద దుప్పట్లు అమ్ముకునే ఒక పొరుగు రాష్ట్రం మనిషి, టైరు పంక్చరై, చీకటిపడ్డాక ఊరి చివర బడి గోడ దగ్గర ఆగిపోయాడు. భాష సరిగా రాదు, అడిగినదానికి తడబడుతూ జవాబిస్తున్నాడు, మూట పెద్దది. గస్తీ బృందం విజిల్ వేయగానే ఇళ్లలోంచి జనం రావడం, గుంపు పెరగడం నిమిషాల్లో జరిగింది. బృందంలోని పెద్దాయన నియమాల కాగితం జేబులోంచి తీసి, గుంపు అతన్ని ముట్టుకోకుండా తాను పక్కన నిలబడి, విలేజ్ పోలీస్ ఆఫీసర్‌కు ఫోన్ కలిపి ఇచ్చారు. ఆయన ఫోన్‌లోనే పేరు, బండి నంబరు, అతను అద్దెకున్న గది యజమాని నంబరు తీసుకుని, కాసేపటికి తిరిగి ఫోన్ చేసి పరవాలేదని చెప్పారు. అతను ఆ రాత్రి పంచాయతీ కార్యాలయం అరుగు మీద పడుకున్నాడు. ఈ సంగతి ఎక్కడా వార్త కాలేదు, కాకపోవడమే మేము కోరుకున్నది.

సంచార కుటుంబాల గుడారాల విషయంలో కూడా ఇదే నియమం పాటించాలని చెప్పడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది. ఏదైనా పోయిందనగానే ఊరి బయట గుడారాల వైపు చూడటం తరతరాల అలవాటు. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కగట్టిన 1871 నాటి బ్రిటిష్ చట్టం 1952లోనే రద్దయినా, ఆ చూపు మాత్రం పోలేదు. తరువాత కేబుల్ దొంగలు వాహన తనిఖీలో పట్టుబడ్డారు. అందులో ఒకడు మోటార్ల మరమ్మతు పని మీద ఏళ్ల తరబడి మా బావుల దగ్గరకు వచ్చి వెళ్లినవాడే. ఏ మోటారుకు ఎంత పొడవు కేబుల్ ఉందో, ఏ రైతు రాత్రి బావి దగ్గర పడుకుంటాడో అతనికి తెలుసు. రాగి కొన్నవారి మీద కూడా కేసు పెట్టిన తరువాత, అమ్మకానికి వచ్చినవారి ఆధార్ ప్రతి తీసుకోకుండా కొనవద్దని మండలంలోని స్క్రాప్ దుకాణాలకు పోలీసులు గట్టిగా చెప్పారు. మా దగ్గర కేబుల్ చోరీలు తగ్గడానికి గస్తీ కన్నా ఇదే పెద్ద కారణమని నేను అనుకుంటాను. ఇంటి దొంగతనం కేసు మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఇక సీసీ కెమెరాలు. ఒక కెమెరా వందమంది పోలీసులతో సమానమన్న మాట మా స్టేషన్ గోడ మీద కూడా ఉంది. నిజమే కావచ్చు గానీ, చుట్టుపక్కల ఊళ్లు చూసి వచ్చాక, పనిచేయని కెమెరా ఎవరితోనూ సమానం కాదని కూడా తెలుసుకున్నాము. చాలాచోట్ల స్తంభాలకు కెమెరాలు వేలాడుతున్నాయి, కార్యాలయంలో తెర మాత్రం నల్లగా ఉంది. హార్డ్ డిస్క్ పాడై ఉంటుంది, లేదా కోతులు వైర్లు తెంపి ఉంటాయి, లేదా పిడుగుపాటుకు పెట్టె కాలిపోయి ఉంటుంది. చందాలు వేసుకుని కొనడం సులువు, మరమ్మతుకు చందా అడిగితే ఎవరూ ఇవ్వరు. అందుకని వసూలైన మొత్తంలో ఒక భాగాన్ని ముందే నిర్వహణ కోసం బ్యాంకులో వేసి, మిగిలినదానికి సరిపోయినన్ని కెమెరాలే కొన్నాము.

అమర్చడానికి వచ్చినవారు చౌరస్తా చుట్టూ అన్నివైపులా పెడదామన్నారు. తెర మీద చూడటానికి అది బాగుంటుంది. కానీ ఊళ్లోకి వచ్చే, పోయే దారుల మీద వాహనం నంబరు, మనిషి ముఖం చిక్కకపోతే చౌరస్తాలోని దృశ్యం వల్ల ప్రయోజనం తక్కువ. రాత్రిపూట హెడ్‌లైట్ వెలుగు నేరుగా పడితే నంబరు ప్లేటు తెల్లటి మచ్చలా కనిపిస్తుంది కాబట్టి, ప్రతి దారికి విశాలంగా చూసే కెమెరా ఒకటి, కాస్త పక్కగా తక్కువ ఎత్తులో నంబరు కోసమే మరొకటి పెట్టించాము. నెట్‌వర్క్ కేబుల్ వంద మీటర్లు దాటితే సిగ్నల్ నమ్మదగినదిగా ఉండదు, దూరంగా ఉన్న దారికి మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ గానీ, ఫైబర్ కేబుల్ గానీ అవసరమవుతుంది. నిల్వ లెక్క కూడా ముందే వేసుకోవాలి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే ఒక కెమెరాకు రోజుకు 20 జీబీకి పైగా స్థలం కావాలి, నెల రోజులు ఉంచాలంటే ఒక్కో కెమెరాకు 600 జీబీకి పైనే. ఈ లెక్క చెప్పకుండా చిన్న డిస్క్ పెట్టి వెళ్లిపోతే, దొంగతనం సంగతి ఆలస్యంగా తెలిసిన ఇంటివారికి దృశ్యం మిగలదు. కరెంటు పోయినప్పుడు కూడా నడవడానికి ఇన్వర్టర్ తప్పనిసరి.

సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు మరో విషయం తెలిసింది. కొత్త చట్టాల్లో మరొకటైన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ ఉండాలి, అందులో ఒక భాగాన్ని ఆ పరికరం బాధ్యత చూసే వ్యక్తి, రెండో భాగాన్ని నిపుణుడు సంతకం చేయాలి. కాబట్టి కెమెరాల దృశ్యాలు నిల్వచేసే రికార్డర్ ఎవరి బాధ్యతలో ఉందో రాతపూర్వకంగా తీర్మానించాము, అది కార్యదర్శి గదిలో ఇనుప పెట్టెలో తాళం కింద ఉంటుంది. గడియారం సరైన సమయం చూపుతోందో లేదో ప్రతి సోమవారం చూసి రిజిస్టర్‌లో రాస్తున్నాము. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాము.

నీళ్ల ట్యాంకు దగ్గరి కెమెరా గురించి మహిళా సంఘం సభ్యురాలు లేవనెత్తిన అభ్యంతరం కమిటీలో మగవాళ్లెవరికీ తట్టలేదు. బట్టలు ఉతుక్కునే, స్నానాలకు నీళ్లు పట్టుకునే చోట కెమెరా పెడితే ఆ దృశ్యాలను ఎవరు చూస్తారని ఆమె సూటిగా అడిగారు. దాన్ని తీసి దారి వైపు మళ్లించాము. ఫోన్లలో ప్రత్యక్షంగా చూసే సౌకర్యాన్ని కార్యదర్శికి, పోలీసులకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించాము. చందా ఎక్కువ ఇచ్చిన ఒకరిద్దరు దీనికి నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వమని అనుకున్నాము.

ఇంటి జాగ్రత్తల్లో చాలావరకు అందరికీ తెలిసినవే. ఊరికి వెళ్లేవారు విలేజ్ పోలీస్ ఆఫీసర్‌కు చెప్పి వెళ్లాలి, బంగారం ఇంట్లో ఉంచకూడదు, నగలను ఫొటోలు తీసి బిల్లులతో పాటు దాచుకోవాలి. బ్యాంకు లాకర్‌లో పెట్టినవి బ్యాంకు నిర్లక్ష్యం వల్ల గానీ, అక్కడి సిబ్బంది మోసం వల్ల గానీ పోతే, వార్షిక అద్దెకు వంద రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలని 2022 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది కాబట్టి, అద్దెకు తగ్గట్టే లోపలి నగల విలువను కూడా ఆలోచించుకోవాలి. నాకు కొత్తగా తోచింది వాకిలి సంగతి. రెండు రోజులు కల్లాపి చల్లని వాకిలి, చెదిరిన పాత ముగ్గు, గేటుకు వేలాడే తాళం కప్ప చూస్తే ఇంట్లో ఎవరూ లేరని దారినపోయే ఎవరికైనా తెలుస్తుంది. ఇప్పుడు మా వాడలో ఊరెళ్లేవారి వాకిలిని పక్కింటివారు ఊడ్చి ముగ్గు వేస్తున్నారు, తాళం గేటుకు లోపలి వైపు వేస్తున్నారు. పగటిపూట బంగారానికి మెరుగు పెడతామని వచ్చేవారి విషయంలో మాత్రం ఏ మొహమాటమూ అక్కర్లేదని మహిళా సంఘం సమావేశాల్లో పదే పదే చెబుతున్నాము.

ఇంత చేసినా మా ఊరి నుంచి ఈ మధ్యకాలంలో పోయిన డబ్బులో పెద్ద మొత్తం ఏ దారి కెమెరాకూ చిక్కకుండా ఫోన్ గుండా పోయింది. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు) ఒక రైతు తెరిచారు. ఆ ఫైలు ఫోన్‌లోని సందేశాలను చదివే అనుమతి తీసుకుని, ఓటీపీలను అవతలివారికి చేరవేసింది. ఆయన కుమారుడు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, లావాదేవీ నంబర్లు ఇవ్వడం వల్ల కొంత మొత్తం తరువాతి ఖాతాలోనే స్తంభించింది, దాన్ని లోక్ అదాలత్ ద్వారా తిరిగి ఇప్పించారు. మిగిలినది అప్పటికే చేతులు మారిపోయింది. మొదటి గంటలో చేసే ఫోన్‌కూ మర్నాడు చేసే ఫోన్‌కూ ఉన్న తేడాను ఈ ఒక్క ఉదంతంతో ఊరంతా గ్రహించింది. ఫోనే పోయినవారి కోసం కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్ ఉంది. ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు ముందే రాసి పెట్టుకుంటే పోయిన ఫోన్‌ను అందులో బ్లాక్ చేయించవచ్చు. *#06# నొక్కి ఆ నంబరును రేషన్ కార్డు వెనుక రాసుకోమని ఇంటింటికీ చెప్పించాము, ఎందుకంటే రేషన్ కార్డును ఎవరూ పోగొట్టుకోరు.

గస్తీ ఇప్పుడు ఏడాది పొడవునా లేదు. మొదట్లో పేర్లు ఇచ్చినవారిలో సగం మంది నాట్ల సమయం రాగానే జారుకున్నారు, పగలంతా పొలంలో ఉన్న మనిషిని రాత్రి మేల్కొని ఉండమనడం న్యాయం కూడా కాదు. సంక్రాంతి ముందు వారాల్లోను, వేసవి పెళ్లిళ్ల కాలంలోను మాత్రమే బృందాలు తిరుగుతున్నాయి. మిగతా రోజుల్లో పోలీసులు తమ పెట్రోలింగ్‌లో వచ్చి మా పాయింట్ బుక్‌లో సంతకం చేసి వెళుతున్నారు. చెరువు కట్ట దారికి ఇంకా కెమెరా లేదు. బ్యాంకులో ఉంచిన సొమ్ము హార్డ్ డిస్క్ మార్పిడికి సరిపోతుంది కానీ ఇన్వర్టర్ బ్యాటరీలకు సరిపోదు కాబట్టి, నిర్వహణ ఖర్చును పంచాయతీ బడ్జెట్‌లోనే చేర్చాలని తీర్మానం రాసి, వచ్చే గ్రామసభ ముందు పెట్టడానికి కార్యదర్శికి ఇచ్చాము.